బైపాస్ అయ్యాక మందులు వాడుతూ వ్యాయామం చేయొచ్చా? పల్స్ 90 దాటకపోతే ఆ నడక లెక్కలోకి రాదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 58 ఏళ్లు, విశాఖలో బైపాస్ అయ్యి 5 వారాలైంది, ఇప్పుడు చీపురుపల్లిలో ఇంట్లోనే ఉన్నారు. మెటోప్రొలాల్, రామిప్రిల్, టోర్సెమైడ్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. నడుస్తుంటే వాచీలో పల్స్ 90 దాటడం లేదు. జిమ్ నడిపే మీ బావ "120 దాకా లేపకపోతే నడిచీ దండగ" అంటున్నాడు, మీ పెద్దమ్మ "మూడు నెలలు మంచం దిగొద్దు" అంటోంది, ఈ మధ్యలో నాన్నగారేమో కళ్లు తిరుగుతున్నాయని, నడకకి వెళ్లే రోజు పొద్దుటి మాత్రలు మానేస్తున్నారు.

సూటిగా చెప్తాను. నడవాలి. మాత్రలు వేసుకునే నడవాలి. పల్స్ అంకె వెంట పడకూడదు. వీటిలో అన్నిటికంటే ముందు చేయాల్సింది ఆ మాత్రలు మానేయడం ఆపించడం, అది ఈరోజే. మెటోప్రొలాల్ లాంటి మందు ఉన్నట్టుండి ఆపేస్తే గుండె వేగం, బీపీ ఒక్కసారిగా ఎగదన్ని ఛాతీ నొప్పి తిరిగి రావచ్చు, కొందరికి హార్ట్ ఎటాక్ దాకా వెళ్లొచ్చు. అలాంటి రోజున, మందు లేకుండా, ఖాళీ కడుపుతో నడకకి వెళ్లడం నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం.

నేను మందులు రాసే డాక్టరుని కాదు, ఫిజియోథెరపిస్టుని. మొదట్లో విశాఖలో గుండె ఆపరేషన్ల ఐసీయూలో పనిచేశాను, తర్వాత శ్రీకాకుళం వచ్చేశాను. ఇక్కడ నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది మీ నాన్నగారిలాగే విశాఖలో ఆపరేషన్ చేయించుకుని, డిశ్చార్జి కాయితం చేత్తో పట్టుకుని ఊరికొచ్చేసిన వాళ్లు. ఆరోగ్యశ్రీ వల్ల (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఆపరేషన్ వరకూ డబ్బు చింత చాలామందికి తగ్గింది గానీ, ఆ తర్వాత మూడు నెలలు ఎంత నడవాలి, ఏది ఎత్తకూడదు అని పక్కనుండి చెప్పే మనిషి మన పల్లెల్లో దొరకడం కష్టం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఇందులో ఏదైనా మీ సర్జన్ గారు చెప్పినదానికి తేడాగా ఉంటే ఆయన మాటే వినండి, నాన్నగారి గుండె పరిస్థితి కళ్లారా చూసింది ఆయన.

ముందు పల్స్ సంగతి. మెటోప్రొలాల్ అనేది బీటా బ్లాకర్ రకం మందు. బైసోప్రొలాల్, కార్వెడిలాల్, అటెనొలాల్ కూడా ఆ కుటుంబమే. మనం నడిచినా, మెట్లెక్కినా, కోపమొచ్చినా ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండెను వేగంగా కొట్టుకోమంటుంది, ఈ మందు ఆ మాటను గుండెకు పూర్తిగా చేరనివ్వదు. కాబట్టి కూర్చున్నప్పుడు 62 ఉన్న పల్స్ నడిస్తే 85 దగ్గరో 90 దగ్గరో ఆగిపోతుంది. నడక చాలక కాదు, మందు పనిచేస్తోంది కాబట్టి. 220లోంచి వయసు తీసేసి అందులో ఇంత శాతం అని జిమ్‌లో వేసే లెక్క ఈ మందు వాడని మనుషులది. నాన్నగారికి ఆ లెక్క వేస్తే 162 వస్తుంది, అందులో 70 శాతం అంటే 113. మందు మీద ఉన్న మనిషిని ఆ 113 కోసం తరిమితే, వాచీలో అంకె అక్కడికి చేరేలోపే ఆయన తన శక్తికి మించి ఎంతో దూరం వెళ్లిపోయి ఉంటారు. మీ బావ తనకు తెలిసిన లెక్క చెప్పాడు, తప్పు పట్టక్కర్లేదు, కానీ అది ఈ మనిషికి సరిపోదు.

నరసన్నపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు వచ్చేవారు, బైసోప్రొలాల్ మీద ఉండేవారు, మనిషి చాలా క్రమశిక్షణ. కొడుకు వాచీ కొనిచ్చాడు. అందులో వంద కనబడాలని రోజురోజుకీ వేగం పెంచుకుంటూ పోయారు, ఒకరోజు మైదానంలోనే ముందుకి తూలి కూర్చుండిపోయారు. బీపీ చూస్తే బాగా పడిపోయింది. అదృష్టం, దెబ్బ తగల్లేదు. ఆయన చేత నేను వాచీ తీయించలేదు, దాన్ని చూడాల్సిన విధం మార్చానంతే.

మరి ఏది చూడాలి? ఊపిరి చూడాలి, మాట చూడాలి. నడుస్తూ పక్కవాళ్లతో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. పాట పాడాలంటే మాత్రం ఊపిరి చాలకూడదు. ఆ మధ్యలో ఉంటే సరైన వేగం. మాట రెండు ముక్కలుగా విరిగిపోతుంటే ఎక్కువైనట్టు, తగ్గించాలి. మా వృత్తిలో దీనికి స్వీడన్ సైకాలజిస్టు గున్నార్ బోర్గ్ పేరుతో ఉన్న కొలబద్ద వాడతాం, 6 నుంచి 20 దాకా ఉంటుంది, 6 అంటే కష్టమే లేదు, 20 అంటే ఇక ఒక్క అడుగు కూడా పడదు. మీ నాన్నగారిలాంటి వాళ్లకి 11 నుంచి 13 మధ్య, అంటే "తేలిగ్గానే ఉంది" నుంచి "కొంచెం కష్టంగా ఉంది" వరకు. మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లకి ఈ అంకెలు చెప్పను, "మీ పక్కన మీ బావగారు నడుస్తున్నారనుకోండి, ఆయనతో పొలం గొడవ మాట్లాడగలిగేంత వేగంలో నడవండి" అంటాను, బాగా అర్థమవుతుంది.

అలాగని పల్స్ అసలు చూడొద్దని కాదు. పైకి లేపడానికి కాకుండా హద్దు తెలుసుకోవడానికి చూడండి. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో, కూర్చున్నప్పుడు ఉన్నదాని మీద 20 నుంచి 30 పెరిగితే చాలు, అంతకు మించక్కర్లేదు. మీరు చెప్పిన 90 సరిగ్గా అక్కడే ఉంది. ఊరికే కూర్చున్నప్పుడే 120 పైన ఉంటే ఆరోజు నడక లేదు, డాక్టరుకి ఫోన్ చేయాలి. 50 లోపు ఉండి నీరసంగా, తూలుగా ఉన్నా అంతే. ఇంకొకటి, మణికట్టు దగ్గర వేలు పెట్టి చూస్తే కొట్టుకోవడం లయ తప్పుతూ, ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా వస్తుంటే అది వేరే సంగతి. బైపాస్ తర్వాత గుండె పై గదులు అలా లయ తప్పడం తరచుగా జరిగేదే, ఎక్కువగా ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే కనబడుతుంది గానీ ఇంటికొచ్చాక కూడా రావచ్చు. ఈసీజీ తీస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు కళ్లు తిరగడం. నాన్నగారు మాత్రలు మానేస్తున్నది దీనివల్లే కాబట్టి, దీన్ని సరిచేయకుండా "మానకండి" అంటే ఆయన వినరు. రామిప్రిల్ రక్తనాళాలను వదులు చేస్తుంది, టోర్సెమైడ్ ఒంట్లో నీటిని బయటికి పంపుతుంది, మెటోప్రొలాల్ గుండెను నెమ్మది చేస్తుంది. ఈ మూడూ పొద్దున్నే ఒకేసారి పడి, కడుపు ఖాళీగా ఉండి, దానికి తోడు ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోతలో నడిస్తే బీపీ దిగిపోతుంది. చాలామందికి నడుస్తున్నప్పుడు రాదు, నడక చటుక్కున ఆపినప్పుడు వస్తుంది. నడుస్తున్నంతసేపూ పిక్కలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి, ఆగి నిలబడిపోగానే రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది. అందుకే ఆఖరి ఐదు నిమిషాలు బాగా నెమ్మదిగా నడిచి, అప్పుడు కూర్చోవాలి. ఎవరైనా ఎదురైతే రోడ్డు మీద నిలబడి కబుర్లు చెప్పకుండా, వాళ్లనే తనతో రెండడుగులు నడవమనాలి.

మీరు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. బీపీ మిషన్ ఉంటే (లేకపోతే సచివాలయం ఏఎన్‌ఎంని అడగండి) ఒక వారం పాటు పొద్దున్న లేవగానే కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక రెండు మూడు నిమిషాలకి ఒకసారి చూసి రాయండి. నిలబడితే పై అంకె 20 కంటే ఎక్కువ దిగి కళ్లు తిరుగుతుంటే ఆ కాయితం ఫొటో తీసి డాక్టరుకి పంపండి. ఆయన ఒక మాత్రని రాత్రికి మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, టోర్సెమైడ్ ఇక అక్కర్లేదని ఆపేయనూ వచ్చు. ఆ మార్పు ఆయన చేయాలి, మనం కాదు. మెటోప్రొలాల్ పేరు పక్కన ఎక్స్ఎల్ అని ఉంటే ఆ మాత్రని నలిపి గానీ నమిలి గానీ వేయకండి, రోజంతా కొంచెం కొంచెం కరగాల్సిన మందు ఒకేసారి ఒంట్లో పడుతుంది.

కళ్లు తిరగడానికి ఇంకో కారణం షుగర్ పడిపోవడం, దీన్ని బీపీ అనుకుని వదిలేసే వాళ్లను చాలామందిని చూశాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ అంతగా పడదు. గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ ఉండి, ఏమీ తినకుండా నడిస్తే పడుతుంది. మామూలుగా షుగర్ పడిపోతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మనిషికి తెలిసిపోతుంది. మెటోప్రొలాల్ ఆ వణుకునీ దడనీ కప్పేస్తుంది. చెమట మాత్రం దాగదు. కాబట్టి మీ నాన్నగారికి నడకలో లెక్కకు మించిన చల్లటి చెమటలు, మాట తడబాటు, అకారణంగా చిరాకు కనబడితే వెంటనే ఆపి షుగర్ చూడండి. 70 లోపు ఉంటే, లేదా చూసే వీలు లేకపోయినా, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటకి మళ్లీ చూడండి. నడకకి ముందు షుగర్ 100 లోపు ఉంటే ఏదైనా తినే బయల్దేరాలి. పొద్దున్న గ్లాసుడు చోడి అంబలో, రెండు ఇడ్లీలో తిని, గంట ఆగి నడిస్తే బీపీకీ షుగర్‌కీ రెండింటికీ మంచిది. కడుపునిండా భోజనం చేశాక మాత్రం గంటన్నర దాకా వద్దు. జేబులో గ్లూకోజు పొట్లం, ఫోను, మందుల పేర్లు రాసిన చీటీ ఎప్పుడూ ఉండాలి. సార్బిట్రేట్ (ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర) రాసి ఉంటే అది కూడా. అది నాలుక కింద పెట్టుకునేటప్పుడు నిలబడి ఉండకూడదు, కూర్చోవాలి, బీపీ దిగిపోతుంది.

ఎంత నడవాలి అంటే, 5 వారాలకి చాలామంది రోజుకి రెండు పూటలా 15, 20 నిమిషాలు నడవగలుగుతారు. నాన్నగారు 10 నిమిషాల్లోనే అలిసిపోతే 10తోనే మొదలుపెట్టి మూడు పూటలు చేయండి. రెండు మూడు రోజులకోసారి రెండు నిమిషాలు కలుపుకుంటూ వెళ్తే, 8 వారాలయ్యేసరికి ఒక విడతలో అరగంటకి వచ్చేస్తారు. ముందు సమయం పెంచాలి, వేగం తర్వాత. ఒకరోజు నడిచాక ఆ అలసట మర్నాడు పొద్దుటికీ పోకపోతే ముందురోజు ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు వెనక్కి రండి. చదునుగా ఉండే చోటు చూసుకోండి. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు, శ్రీకాకుళంలో కోడి రామమూర్తి స్టేడియం నేను తరచూ చెప్పే చోట్లు, ఎందుకంటే అలిసిపోతే కూర్చోవచ్చు, నలుగురు మనుషులుంటారు. మీ ఊళ్లో హైస్కూలు గ్రౌండు చాలు. రామతీర్థం మెట్ల మొక్కు ఉందని ఒకాయన రెండో నెలలోనే బయల్దేరబోతే ఆపాను. మొక్కు తీర్చడానికి దేవుడు తొందరపెట్టడు, ఆరు నెలల తర్వాత వెళ్లొచ్చు. ఇంట్లో ఒక అంతస్తు మెట్లు నెమ్మదిగా, కమ్మీని లాగకుండా ఎక్కడం వేరు, అది ఇప్పుడే చేయొచ్చు.

మన తీరంలో ఎండ కంటే ఉక్క ప్రమాదం. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, బీటా బ్లాకర్ మీద ఉన్నవాళ్లకి వేడి ఇంకా కష్టం. మార్చి నుంచి వానలు పడేదాకా పొద్దున్న ఏడు లోపు, లేకపోతే పొద్దుగూకాక. ఏ పూటా వీలు కాకపోతే ఇంట్లో హాల్లో, వసారాలో అటూ ఇటూ నడిచినా అదీ నడకే. నీళ్ల విషయంలో ఒక జాగ్రత్త: టోర్సెమైడ్ ఇచ్చి, రోజుకి ఇన్ని లీటర్లే తాగమని డాక్టరు రాసి ఉంటే, చెమట పట్టిందని ఆ లెక్క దాటకండి. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు ఎక్కువైన వారంలో ఇది బాగా కనబడుతుంది. అప్పుడు నడక కాదు ముందు, డాక్టరు.

ఇక చేతుల పని. దీని మీద నేను ఎవరితోనూ రాజీ పడను. బైపాస్‌లో ఛాతీ ఎముకను నిలువుగా కోసి, తిరిగి స్టీలు తీగలతో కడతారు. అది అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, గట్టిపడడానికి 3 నెలలు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి, పొగ తాగేవాళ్లకి ఇంకా ఆలస్యం. ఆరో వారానికి మనిషికి ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, నొప్పి తగ్గుతుంది, "నాకేం, బాగానే ఉన్నాను" అనిపిస్తుంది. పైకి ఆరినట్టున్న కొత్త స్లాబు కింద సెంట్రింగు ఎందుకు తీయమో, ఇదీ అంతే. 3 నెలలు నిండేదాకా 4, 5 కిలోలకు మించి ఏదీ ఎత్తకూడదు, తోయకూడదు, లాగకూడదు. నిండు బిందె 15 కిలోలు ఉంటుంది. గ్యాస్ బండ నిండుగా ఉంటే దాదాపు 30. మనవణ్ణి ఎత్తుకోవడం కూడా ఎత్తడమే, కావాలంటే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోమనండి. బోరింగు కొట్టడం, నూతిలో నీళ్లు తోడడం, బండి కిక్కు కొట్టడం, సెంటర్ స్టాండు వేయడం, ఆర్టీసీ బస్సు కమ్మీ పట్టుకుని ఒంటి చేత్తో పైకి లాక్కోవడం, ఇవన్నీ ఆ ఎముకని పక్కలకి లాగుతాయి. నులక మంచం మీద పడుకుంటుంటే మాన్పించండి. మధ్యలో కుంగిన మంచంలోంచి లేవాలంటే చేతుల మీదే బరువంతా పడుతుంది. గట్టి మంచం మీద పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందికి వదిలి, నెమ్మదిగా లేవాలి. దగ్గినా తుమ్మినా చిన్న దిండు గుండెకి హత్తుకోవాలి. వీలైతే కొన్నాళ్లు వెస్ట్రన్ కమోడ్ వాడమనండి, మలబద్ధకం ఉంటే డాక్టరుని మందు అడగండి, ముక్కడం వల్ల బీపీ మీదా ఎముక మీదా ఒకేసారి ఒత్తిడి పడుతుంది. బండి నడపడం 3 నెలల తర్వాతే.

గార వైపు రైతు ఒకాయన కోతల రోజుల్లో, ఆపరేషన్ అయ్యి రెండు నెలలు నిండకముందే, "ఒక్క బస్తాయే కదా" అని పట్టారు. ఆ రాత్రి నుంచి ఒత్తిగిలినప్పుడల్లా ఛాతీలో టిక్కుమని చప్పుడు. ఎముక కదులుతోంది. మళ్లీ విశాఖ, మళ్లీ ఆపరేషన్ థియేటరు. మీ ఇంట్లోనూ పొలం పని ఉందన్నారు కాబట్టి నాన్నగారికి ఈ సంగతి చెప్పండి. చేతులు అసలు కదపకుండా బిగపట్టుకున్నా తప్పే, భుజాలు పట్టేస్తాయి. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి భుజాలు తిప్పడం, రెండు చేతులూ కలిపి నొప్పి లేనంత వరకు పైకెత్తడం ఇప్పుడే రోజుకి రెండుసార్లు చేయించండి.

మీరు అడగలేదు గానీ, ఇది చదివే మిగతా వాళ్ల కోసం రాస్తున్నాను. మన ఊళ్లలో బైపాస్ అయిన మగవాణ్ణి మంచం దిగనివ్వరు, అదే ఆపరేషన్ అయిన ఆడమనిషి నెల తిరక్కుండా పొయ్యి దగ్గర ఉంటుంది. నడకకి వెళ్తానంటే "ఆరోగ్యం బాగోలేదు, ఇంట్లో ఉండు" అంటారు, రుబ్బడం, బట్టలు పిండడం, గాబులో నీళ్లు నింపడం మాత్రం అడ్డు చెప్పరు. అంటే ఆమెకి కావాల్సిన నడక దక్కట్లేదు, చేయకూడని చేతిపని అంతా మీద పడుతోంది. చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. దయచేసి 3 నెలలు నీళ్లు, బట్టలు, పిండి వేరేవాళ్లు చూసుకోండి, ఆమెని రెండు పూటలా నడవనివ్వండి. ముందు హుక్కులున్న మెత్తటి బాడీ పగలూ రాత్రీ వేసుకుంటే గాయం మీద లాగుడు తగ్గుతుంది, ఇది సిగ్గుపడి ఎవరూ అడగరు, చాలా చోట్ల ఎవరూ చెప్పరు.

నడక మొదలుపెట్టాక కాళ్ల నొప్పులొస్తాయి. ఇక్కడ రెండు విషయాలు. కొత్తగా నడిచిన నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది. రెండు తొడలూ, రెండు భుజాలూ ఒకేలా బరువెక్కి, రోజులు గడిచినా తగ్గకపోతే అది కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్ వల్ల కావచ్చు, చెబితే రక్తపరీక్ష చేసి మోతాదో మందో మారుస్తారు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. బైపాస్ కోసం సిర తీసిన కాలు సాయంత్రానికి కొంచెం వాచడం మామూలే, కూర్చున్నప్పుడు ఎత్తు మీద పెట్టుకుంటే తగ్గుతుంది. పిక్క గట్టిపడి, ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పి ఉంటే మామూలు కాదు.

రెండోది, ఒళ్లు నొప్పులకి సొంతంగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకోకండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీద ఉన్న మనిషికి అవి కడుపులో రక్తస్రావం తెస్తాయి, గుండెకీ మంచివి కావు, రామిప్రిల్, టోర్సెమైడ్‌లతో కలిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు, అంటే ఉద్దానం వైపు వాళ్లకి నేను ఇది రెండుసార్లు చెప్తాను. అక్కడ ఎంతమంది కిడ్నీ జబ్బుతో ఉన్నారో మనందరికీ తెలుసు, ఉన్న కొద్దిపాటి శక్తిని నొప్పి మాత్రలకి పోగొట్టుకోకూడదు. జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే ఒకావిడ నడుం నొప్పికి మెడికల్ షాపులో అడిగి రోజూ మాత్ర వేసుకుంది, నెల తిరిగేసరికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎగబాకింది. నొప్పికి పారాసెటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో.

వాల్వు మార్చుకున్న వాళ్లకి ఇంకో జాగ్రత్త. రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ వాడుతుంటే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) డాక్టరు చెప్పిన హద్దులో ఉంటేనే వ్యాయామం నిశ్చింతగా చేయగలరు. నడక, స్థిరంగా ఉండే సైకిలు మంచివి, కబడ్డీ లాంటివి, పడిపోయే అవకాశం ఉన్నవి వద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పికి కండలోకి సూది వేయించుకోవద్దు, లోపల రక్తం కారి, గడ్డలా పేరుకుని తొడంతా నల్లబడిన వాళ్లను చూశాను. ఆకుకూరలు మానక్కర్లేదు, కానీ ఒక వారం రోజూ తిని, ఇంకో వారం పూర్తిగా మానేయడం చేయకూడదు.

యోగా గురించి కూడా అడుగుతుంటారు. కళ్లు మూసుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం చాలా మంచిది, ఆస్పత్రిలో ఇచ్చిన, ఊపిరి పీల్చి బంతులు లేపే మూడు బంతుల పరికరం కూడా ఇంకొన్నాళ్లు వాడమనండి. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం ఇప్పుడు వద్దు. సూర్యనమస్కారాల్లో చేతుల మీద బరువు పడుతుంది కాబట్టి అవీ 3 నెలల తర్వాతే. శీర్షాసనం ఆలోచనే వద్దు. బరువులు కూడా ఆ తర్వాతే, అప్పుడు కూడా లీటరు నీళ్ల సీసాతో మొదలు, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ.

మొగుడూ పెళ్లాల మధ్య సంగతి మీరు అడగలేరు, నేనే చెప్తాను, నాన్నగారికి చూపించండి. రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే మామూలుగా 6 నుంచి 8 వారాల తర్వాత ఇబ్బంది ఉండదు, ఛాతీ మీద బరువు పడకూడదంతే. సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రా) రకం మాత్రలు పొరపాటున కూడా వేసుకోకూడదు, ప్రాణం మీదికొస్తుంది.

ఇవి కనబడితే నడక అక్కడే ఆపేయాలి: ఛాతీలో బరువు, బిగుతు, అది దవడకో ఎడమ చేతికో పాకడం, మాట రానంత ఆయాసం, కళ్లు చీకట్లు కమ్మడం, చల్లటి చెమట, ఉన్నట్టుండి మొదలైన దడ. కూర్చోవాలి, ఛాతీలో బరువో బిగుతో అయితే, సార్బిట్రేట్ రాసి ఉంటే నాలుక కింద పెట్టుకోవాలి, 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. "గ్యాస్ ఏమో" అని సోడా తాగించి గంట చూడడం వద్దు. ఛాతీ గాయం నుంచి చీము, జ్వరం, ఎముక టిక్కుమనడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవాల్సి రావడం, ఇవి నడకతో సంబంధం లేకపోయినా అదేరోజు డాక్టరుకి చెప్పాలి.

ఇంకొక్క విషయం మీరు రాయలేదు, డిశ్చార్జి కాయితంలో చూడండి: ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తోందో చెప్పే అంకె) ఎంత? 50 పైన ఉంటే పైన చెప్పినవన్నీ ఇంట్లో చేయించొచ్చు. 40 లోపు ఉంటే మొదటి కొన్ని వారాలు ఫిజియోథెరపిస్టు ఎదురుగా, బీపీ, పల్స్ చూస్తూ చేయడమే మంచిది. జిల్లా కేంద్రంలో వారానికి రెండు రోజులు దొరికినా చాలు, మిగతా రోజులకి ఏం చేయాలో రాయించుకోవచ్చు.

వచ్చే వారం రివ్యూకి వెళ్తారు కాబట్టి, వారం రోజుల బీపీ, బరువు, షుగర్, నడిచిన నిమిషాలు ఒక కాయితం మీద రాసి తీసుకెళ్లండి. నాన్నగారు మాత్రలు మానేసిన రోజులు కూడా దాచకుండా రాయండి. రక్తం శాతం, క్రియాటినిన్, పొటాషియం చూడమని అడగండి. ఆపరేషన్ తర్వాత రక్తం తక్కువై నీరసంగా ఉండేవాళ్లు చాలామంది, వాళ్లని ఎంత నడిపించినా లాభం ఉండదు. ట్రెడ్‌మిల్ పరీక్ష ఎప్పుడు చేస్తారో కనుక్కోండి, చేసేటప్పుడు ఆరోజు మెటోప్రొలాల్ వేసుకుని రమ్మంటారా వద్దంటారా అన్నది ముందే అడగండి. వేసుకుని చేస్తే వచ్చిన పల్సే ఆయన రోజూ నడకకి పనికొచ్చే అంకె. అప్పుడు మీ బావకి కూడా ఒక హద్దు చెప్పొచ్చు, ఇద్దరూ కలిసి నడవొచ్చు. ఈఎఫ్ ఎంతో, నిలబడినప్పుడు బీపీ ఎంత దిగుతోందో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.